సంచి తాతకు కంచె

రత్తమ్మ వసారాలో కాళ్ళు బారచాపుకుని కూర్చుని గాజులను మలారానికి ఎక్కిస్తోంది. మలారం అంటే భుజానికి అటూ ఇటూ వేలాడే గాజుల బరువు. ఎత్తుకోవడానికి ఒక మనిషి సాయం కావాలి, మోయడానికి ఒక జీవితం కావాలి. కూతురు వెంగమాంబ పక్కన కూర్చుని రెండు-నాలుగులు, రెండు-ఆరులు, రెండు-ఎనిమిదులు అని సైజులవారీగా వేరుచేసి అందిస్తోంది. ఒక్కో డజనూ అందుకోగానే రత్తమ్మ చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడిస్తుంది. పగులు పట్టిన గాజు మోతలోనే దొరికిపోతుంది.

"మీ మనిషి ఎట్టున్నాడే?" అంది రత్తమ్మ.

"నిన్న సాయంత్రం పోయాడమ్మా."

"మళ్ళానా? ఇది ఎన్నోసారి?"

"ఐదోసారి."

"ఈసారి దేంతో పోయాడు?"

"కొటేషన్లు రాక."

ఇరవై రెండేళ్ళుగా పదకొండు ఊళ్ళు తిరుగుతున్న మనిషి రత్తమ్మ. మనుషులు ఎన్ని రకాలుగా పోతారో విని ఉంది గాని, ఇది కొత్త. పచ్చగాజులు రెండు డజన్లు విడిగా తీసి పాత చీరముక్కలో చుట్టింది.

"ఇవి కోమలివి. ఈ నెల ఆఖరి శుక్రవారం సీమంతం. ఆ పిల్ల చేతికి బొటనవేలి కాడ ఎముక గట్టి. వేరేవాళ్ళు తొడిగితే సగం పగలగొడతారు. పెద్దమనిషైనప్పుడు నేనే తొడిగా, పెళ్ళికి నేనే తొడిగా. ఆ రోజు పన్నెండు గంటల్లోపల వాళ్ళ ఊరు ఇనుమెర్లలో ఉండాల."

వెంగమాంబ అమ్మకు మలారం ఎత్తి, తాను మండలాఫీసుకు బయలుదేరింది. ఆమె అక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. ఆ కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది. మళ్ళీ రాస్తారా లేదా అన్నది, చచ్చిపోయిన ఆ మనిషి మీద ఆధారపడి ఉంది.

ఆ మనిషి కథ ఇది. పోయినేడు తుపానుకు జనం అవస్థపడ్డారని, ప్రజలను విపత్తులకు సిద్ధం చేయడానికి జిల్లాలో సంసిద్ధతా విభాగం అని ఒకటి పెట్టారు. జనాన్ని పిలిచి తర్ఫీదు ఇవ్వాలంటే జనం రావాలి. జనానికి పనులుంటాయి. అందుకని విభాగం వారు తీవ్రంగా ఆలోచించి, కంప్యూటర్లో ఆడే ఒక ఆట తెప్పించారు. అందులో ఒక మంచుదేశం. అక్కడ ఒక గుడిసె, గుడిసెలో ఒక ఒంటరి మనిషి. చలికి, ఆకలికి, జ్వరానికి తట్టుకుని అతను ముప్పై రోజులు బతకాలి. మండలానికి ఒక మనిషిని కేటాయించి, అతనికి 'నమూనా పౌరుడు' అని పేరు పెట్టారు. నమూనా పౌరుడు బతికితే మండలంలోని అరవై వేలమందీ సంసిద్ధులైనట్టు.

జిల్లాలో మంచును ఐస్ బండిలో తప్ప ఎవరూ చూడలేదని ఒక సమావేశంలో ఎవరో అన్నారట. ఇంతవరకు రాని విపత్తుకే కదా సంసిద్ధత కావలసింది అని జవాబు వచ్చిందట. ఆ జవాబు చెప్పినాయనకు పదోన్నతి కూడా వచ్చింది.

ఆటలో ఒక రోజు మన రెండు గంటలు. పౌరుడు కట్టెలు కొట్టగలడు, చేపలు పట్టి ఎండబెట్టగలడు. అంతకుమించి కంబళి, మందు, దీపానికి నూనె ఏది కావాలన్నా మూడు రోజులకొకసారి ఊళ్ళు తిరుగుతూ వచ్చే ఒక ముసలి వర్తకుడే గతి. వీపు మీద తనకంటే పెద్ద సంచి. పొద్దు పొడవగానే గుడిసె ముందు దించుతాడు, పొద్దు వాలగానే ఎత్తుకుని పోతాడు. డబ్బు తీసుకోడు. వస్తువుకు వస్తువు. అతనికి వచ్చిన మాటలు నాలుగే: "ఏం కావాలి?", "ఏం ఇస్తావు?", "చాలదు", "దారి ఇవ్వు". వెంగమాంబ అతనికి సంచి తాత అని పేరు పెట్టుకుంది.

ఆ రోజు ఆరో పౌరుణ్ణి మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఆటలో సంచి తాత వచ్చాడు. తహసీల్దారు పరాంకుశం గారు కొనుగోలు సంఘాన్ని సమావేశపరిచారు. సంఘం అంటే ఆయన, అటెండరు దావీదు, రాయడానికి వెంగమాంబ.

"మిగతా ఇద్దరు వర్తకులు ఏరమ్మా?" అన్నారు పరాంకుశం గారు.

"లేరండి. ఆ దేశంలో ఇతనొక్కడేనండి."

"లేరని మనకెలా తెలుసు?"

"మొదటినుంచీ చూస్తున్నానండి. ఇంకెవరూ రాలేదు."

"నువ్వు చూడటం కాదమ్మా. మూడు కొటేషన్లు లేనిదే కొనుగోలు లేదు. మిగతా ఇద్దరూ లేకపోతే, లేమని వాళ్ళే రాసివ్వాలి."

"లేనోళ్ళు సంతకం ఎట్టా పెడతారు సార్?" అన్నాడు దావీదు.

పరాంకుశం గారు ఆలోచించారు. నిబంధనల్లో దారి వెతికే మనిషి ఆయన. "సంతకం రాకపోతే వేలిముద్ర తీసుకో," అన్నారు.

తెరమీద సంచి తాత "ఏం ఇస్తావు?" అన్నాడు. ఎండుచేప ఇవ్వడానికి పద్దు లేదు. వస్తుమార్పిడికి ఆర్థిక శాఖ అనుమతి కావాలి. అనుమతి కోసం లేఖ తయారవుతుండగా మంచుదేశంలో పొద్దు వాలింది. తాత సంచి ఎత్తుకున్నాడు.

"కాసేపు ఆగమని చెప్పమ్మా," అన్నారు పరాంకుశం గారు.

"అతనికి వినిపించదండి."

"అదే రాయి. 'సదరు వర్తకుడు మౌఖిక ఆదేశాలను పెడచెవిన పెట్టినాడు.'"

ఆటలో ఆ రాత్రే జ్వరంతో పౌరుడు పోయాడు. 'మృతి' అని రాయకూడదని పైనుంచి సూచన ఉంది కాబట్టి, రిజిస్టరులో 'సంసిద్ధతకు తాత్కాలిక విరామం' అని రాశారు. రిజిస్టరులో అప్పటికే ఐదు విరామాలున్నాయి.

వెంగమాంబ ఇంటికి వచ్చి అమ్మతో చెప్పింది.

"పొద్దున్నే వస్తాడంటివి గదా ఆ ముసలాయన," అంది రత్తమ్మ కాళ్ళకు నూనె రాసుకుంటూ. "బోణీ వేళకి పోయి అడుగు. ఏదో ఒకటి చేతిలో పెట్టు. బోణీ బేరం కాలదన్నుకునే వ్యాపారి భూమ్మీద ఉండడు."

"అది ఆటమ్మా."

"ఆటే గాని, సంచి మోస్తన్నాడా లేదా?"

ఆఫీసు మూసినప్పుడు ఆగిన ఆట, పదిగంటలకు తెరవగానే మళ్ళీ మొదలవుతుంది. పరాంకుశం గారు వచ్చేది పదకొండున్నరకు. మర్నాడు వెంగమాంబ ఏడో పౌరుణ్ణి కావాలనే మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టింది. ఆఫీసు మూసేలోపు ఆటలో రెండు రోజులు కట్టెలు, చేపలు. ఆ మరునాడు పది గంటలకు, మంచుదేశంలో మూడో రోజు పొద్దు పొడిచింది. సంచి దించీ దించకముందే తాత ఎదుట ఒక ఎండుచేప పెట్టింది. ఒక్క చేప. ఎప్పుడూ "చాలదు" అనే తాత ఆ చేపను కళ్ళకద్దుకుని, సంచిలోంచి కంబళి తీసిచ్చాడు. ఆట రాసినవాడు ఎవరో గాని, ఎక్కడో ఒక గాజులామె కొడుకై ఉండాలి అనుకుంది వెంగమాంబ. ఆమెకు మూడు వారాల్లో మొదటిసారి నవ్వు వచ్చింది.

ఆ నవ్వు ఒంటిగంట దాకా ఉంది. సంసిద్ధతాధికారి డాక్టర్ చిదానందం గారు తనిఖీకి వచ్చారు. ఆయన తెరవంక చూసి, పౌరుడు కప్పుకున్నది చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఈ కంబళి ఏ ఉత్తర్వు ప్రకారం సమకూరినది?"

వెంగమాంబ నిలబడింది. "బోణీ బేరమండి. పొద్దున్నే మొదటి గిరాకీకి అతను..."

"బోణీ," అన్నారు చిదానందం గారు, మాటను చిటికెన వేలితో ఎత్తి పట్టుకున్నట్టుగా. "అది నిబంధనావళిలో ఎన్నో క్లాజమ్మా?"

"క్లాజు లేదండి."

"క్లాజు లేని కంబళి వెచ్చగా ఉండవచ్చును. సక్రమంగా ఉండదు."

కంబళిని తిరిగి ఇచ్చేయమని ఆదేశం. కాని అప్పటికి తాత వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చేది మూడు రోజులకు. అందాకా దాన్ని స్వాధీన వస్తువుగా భద్రపరచాలి. పౌరుడి ఒంటిమీంచి తీయించి, గుడిసెలోని పెట్టెలో పెట్టించి, పెట్టెకు తాళం వేయించారు. పౌరుడు పెట్టె పక్కనే మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నాలుగుంబావుకు విరామం పొందాడు.

"పరికరాల కొరత లేదన్నది గమనించాలి," అని రాయించారు చిదానందం గారు. "కంబళి పౌరునికి రెండడుగుల దూరంలోనే అందుబాటులో ఉన్నది."

సాయంత్రం సమీక్ష. జిల్లాలో ముప్పై ఎనిమిది మండలాలు, ముప్పై ఎనిమిది మందీ విరామంలో ఉన్నారు. కారణాన్ని చిదానందం గారు టీ చల్లారేలోపే కనిపెట్టారు.

"వర్తకుడు ఎందుకు దొరకడం లేదు? వెళ్ళిపోతున్నాడు కనుక. ఎందుకు వెళ్ళిపోతున్నాడు? తిరుగుతాడు కనుక. కాబట్టి లోపం మన విధానంలో లేదు. లోపం సంచారంలో ఉంది."

పరాంకుశం గారు లేచి నిలబడి తలూపారు. కూర్చుని ఊపితే చాలదనిపించి ఉండాలి.

ఆటలో కొయ్యలు పాతి కంచె కట్టవచ్చు. పౌరుడు గొర్రెలను పెంచుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. ఎనిమిదో పౌరుడి పాలనలో సంచి తాత వచ్చి సంచి దించగానే చుట్టూ కొయ్యలు దిగాయి. పొద్దు వాలింది. తాత సంచి ఎత్తుకుని కంచె దాకా వచ్చి ఆగాడు. "దారి ఇవ్వు," అన్నాడు.

"బాగుంది," అన్నారు చిదానందం గారు. "చక్కగా నిలబడ్డాడు."

తాత దగ్గరున్న సరుకు మొదటి పూటతోనే అయిపోయింది. మళ్ళీ తెచ్చుకోవాలంటే తిరగాలి. తిరగడానికి లేదు. సంచి చిక్కిపోయి వీపుకు అంటుకుంది. పౌరుడు మందుకోసం వచ్చి కంచె బయట నిలబడతాడు. తాత లోపల నిలబడి "దారి ఇవ్వు" అంటాడు. ఇద్దరి మీదా మంచు పడుతుంది. ఒక కొయ్య పీకడానికి ఒక మీట నొక్కితే చాలు. వెంగమాంబ ఆ మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. నెలాఖరు గుర్తొచ్చింది. నొక్కలేదు.

ఎనిమిదో పౌరుడు పదకొండు రోజులు బతికాడు. అయితే ఆ వారంనుంచి లెక్క మారింది. ఇక మీదట చూడవలసింది పౌరుడి సజీవతను కాదు, వర్తకుడి లభ్యతను అని కొత్త సూచన వచ్చింది. వర్తకుడు మన మండలంలో ఇరవై నాలుగ్గంటలూ లభ్యమవుతున్నాడు. నూటికి నూరు శాతం. మండలానికి జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. పరాంకుశం గారికి శాలువా కప్పారు. దాన్ని ఏ ఉత్తర్వు ప్రకారం కొన్నారని ఎవరూ అడగలేదు.

ఆ సభలోనే చిదానందం గారు ప్రకటించారు. "ఆటలో ఫలించిన విధానాన్ని క్షేత్రస్థాయికి బదలాయించకపోతే ఆట ఆడినట్టే అవుతుంది. మన ఉద్దేశం ఆడటం కాదు."

మర్నాడు మండలంలోని సంచార వర్తకుల జాబితా తయారు చేయమన్నారు. దావీదు చెబుతుంటే వెంగమాంబ టైపు చేస్తోంది. పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే కోటయ్య, సైకిలు మీద ఉప్పు తెచ్చే మస్తాను, రోళ్ళకు గంట్లు పెట్టే దంపతులు, స్టీలు గిన్నెల సుందరం. దావీదు అక్కడ ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "అంతే సార్," అన్నాడు.

"గాజులు అమ్మేవాళ్ళు ముగ్గురుండాలే," అన్నారు పరాంకుశం గారు. "అందులో ఒకామె మీ అమ్మే కదా వెంగమాంబా? ఆమె పేరే మొదట రాయమ్మా. పక్షపాతం లేదని తెలుస్తుంది. నీ కాంట్రాక్టు ఫైలు కూడా ఇప్పుడు పైనే ఉంది."

వెంగమాంబ మొదటి వరుసలో అమ్మ పేరు కొట్టింది. కొట్టాక ఒకసారి చదువుకుంది. అక్షరదోషాలేమీ లేవు.

మంగళవారం వాళ్ళ వసారా చుట్టూ ఎనిమిది వెదురు బొంగులు పాతి నైలాను తాడు కట్టారు. పైన బోర్డు: 'స్థిర వర్తక ఆవరణ నెం. 1'. రత్తమ్మ ఇంట్లో తిరగవచ్చు. గాజులతో ఆవరణ దాటితే సరుకు స్వాధీనం చేసుకుంటారు. గిరాకీలే ఆమె దగ్గరికి రావాలి.

"పదకొండు ఊళ్ళవాళ్ళు బస్సులెక్కి గాజులు తొడిగించుకోడానికి వస్తారంటనా?" అని అడిగింది రత్తమ్మ, తాడు కడుతున్న దావీదును.

"ఉత్తర్వులో వస్తారని ఉందక్కా," అన్నాడు దావీదు తల ఎత్తకుండా.

"ఉత్తర్వు వాళ్ళకి చదివి వినిపించారా?"

"వినిపించడానికి ఊళ్ళు తిరగాల గదక్కా. అది కూడా ఆపారు."

బుధవారం పక్కింటి పిల్ల వచ్చి చూసి పోయింది. గురువారం ఒక మేక వచ్చింది. గురువారం సాయంత్రం ఇనుమెర్లనుంచి కోమలి అత్త ఫోను చేసి, "పిన్నీ, పొద్దున్నే వస్తన్నావుగా? పిల్ల నీకోసమే చూస్తంది," అంది. రత్తమ్మ ఫోను పెట్టేసింది. పచ్చగాజుల మూట తెచ్చి మలారం పక్కన పెట్టుకుంది. వెంగమాంబ ఆ మూటవంక చూసి, అమ్మవంక చూడలేకపోయింది. "జాబితాలో మొదటి పేరు నేనే రాశానమ్మా," అంది చివరికి.

"తెలుసులే," అంది రత్తమ్మ. "బోర్డు మీద నెంబరు చూశా."

శుక్రవారం తొమ్మిదిన్నరకు జీపు వచ్చింది. చిదానందం గారు, పరాంకుశం గారు, ఫైళ్ళతో దావీదు. వెంగమాంబను అక్కడే కుర్చీ వేసుకుని వివరాలు నమోదు చేయమన్నారు. పని చిన్నదే. ఆవరణలో తాను సుఖంగా ఉన్నానని వర్తకురాలు సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ పత్రం కిందనే రెండో కాగితం ఉంది. అది వెంగమాంబ కాంట్రాక్టు పొడిగింపు. చిదానందం గారు రెండు కాగితాలనూ కొంచెం విడదీసి రత్తమ్మకు కనపడేట్టు పట్టుకున్నారు. దయగల మనిషి.

రత్తమ్మ కాగితాలవంక చూసింది, కూతురివంక చూసింది. "పెడతానయ్యా. నాలుగు రోజులనించీ బోణీ లేదు. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషివి. ఒక డజను తీసుకో. ఎంతిస్తే అంతే. బోణీ కానిదే నేను దేనికీ చెయ్యి పెట్టను."

"తప్పకుండా అమ్మా," అంటూ చిదానందం గారు జేబులో చెయ్యి పెట్టారు.

పరాంకుశం గారు దగ్గారు. "సార్, ఆవరణలో తమరు అధికార హోదాలో ఉన్నారు. హోదాలో కొంటే ప్రభుత్వ కొనుగోలు అవుతుంది."

చెయ్యి జేబులోనే ఆగింది. "అయితే?"

"మూడు కొటేషన్లు సార్."

"గాజులవాళ్ళు ఇంకా ఇద్దరున్నారుగా. పిలిపించండి."

"ఒకామె ఆవరణ నెం. 7. రెండో ఆయన నెం. 12. గాజులతో దాటకూడదు సార్. మన ఉత్తర్వే."

"సడలింపు ఇవ్వండి."

"సడలింపు ప్రతిపాదనకు సంతృప్తి పత్రం జతచేయాలి సార్."

"పత్రం మీద ఈమె సంతకం పెట్టడానికి..."

"బోణీ కావాలి సార్."

చిదానందం గారు కుర్చీలో వెనక్కి వాలారు. ముఖంలో చిరాకు లేదు, ఒక రకమైన తృప్తి ఉంది. ఎటు తిరిగినా ఒక నిబంధన తగిలేంత చక్కటి సమస్య ఉద్యోగంలో ఎప్పుడో గాని దొరకదు. "కొనుగోలు సంఘాన్ని ఇక్కడే సమావేశపరచండి," అన్నారు.

సంఘం వసారాలో బల్ల వేసుకుని కూర్చుంది. డజను అంటే పన్నెండని నిర్ధారించే పత్రం ఏది అన్నది మొదటి అంశం. గాజు సైజు ఎవరి చేతికి సరిపోవాలి అన్నది రెండో అంశం. చిదానందం గారి చేతికా, ఆయన హోదాకా అని చర్చ వచ్చింది. దావీదు ఆయన చేతిని దారంతో కొలిచాడు. వసారా గోడమీద ఎండ ఒక జానెడు కిందికి దిగింది. రత్తమ్మ ఆ ఎండను చూస్తోంది. పదిన్నర బస్సు వెళ్ళిపోయిన చప్పుడు అయింది. ఇక పదకొండుది ఒక్కటే ఉంది.

"రాయమ్మా," అన్నారు చిదానందం గారు, ఫైలులోంచి తల ఎత్తకుండా. "'సదరు వర్తకురాలు ఆవరణయందు నిరంతరం లభ్యమగుచున్నది.'"

వెంగమాంబ రాయలేదు. కుర్చీలోంచి లేచి వెళ్ళి గుమ్మానికి ఎదురుగా ఉన్న వెదురు బొంగును రెండు చేతులా పట్టుకుని పీకింది. ఆటలో ఒక్క వేలితో అయ్యే పని, ఇక్కడ రెండుసార్లు ఊపాల్సి వచ్చింది. తాడు కిందికి జారింది. తిరిగి వచ్చి, మలారం ఒక కొస పట్టుకుని, రోజూలాగే అమ్మ భుజానికి ఎత్తింది.

వెనకాల పరాంకుశం గారు మూడో అంశం చదువుతున్నారు. దావీదు ఒక్కడే తల ఎత్తి చూశాడు. చూసి, చేతిలోని దారాన్ని మళ్ళీ మొదటినుంచి జాగ్రత్తగా కొలవడం మొదలుపెట్టాడు.

రత్తమ్మ పచ్చగాజుల మూట చంకలో పెట్టుకుంది. సంతకం లేని రెండు కాగితాలు బల్లమీద గాలికి రెపరెపలాడుతుంటే, పోతూ పోతూ వాటిమీద ఒక ఫైలు బరువు పెట్టింది. తాడు మీదుగా అడుగు వేసి, వీధిలోకి దిగి, బస్సు వచ్చే దారిన నడిచింది. సంచి తాతలాగా "దారి ఇవ్వు" అని కూడా ఆమె అనలేదు.